యాభై మైళ్ళ లెక్క

1890 నాటి ఇండియన్ రైల్వే చట్టంలో 64వ సెక్షన్ చాలా చిన్నది. 1891 జనవరి 1 నుంచి ప్రతి ప్రయాణికుల రైల్లోనూ, అన్నిటికన్నా కింది తరగతిలో, కనీసం ఒక కంపార్ట్‌మెంటు ఆడవాళ్ళకు విడిగా ఉంచాలని అది ఆదేశించింది. ఆ రైలు యాభై మైళ్ళకు మించి పోయేదైతే ఆ కంపార్ట్‌మెంటుకు మరుగుదొడ్డి కూడా ఉండాలంది. యాభై మైళ్ళ లోపైతే అక్కర్లేదు. ఆడమనిషి ఎంత దూరం ఓర్చుకోగలదో దొరలు మైళ్ళలో లెక్కగట్టి చట్టంలోకి ఎక్కించారన్నమాట.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఖరగ్‌పూర్‌కి బయల్దేరిన తొలితరం తెలుగు ఆడవాళ్ళు ఎక్కింది ఆ పెట్టెలే. ఒళ్ళో పిల్ల, కాళ్ళ దగ్గర చింతపండు మూట, కొంగున ముడేసిన టిక్కెట్టు. విజయనగరం నుంచి ఖరగ్‌పూర్ 700 కిలోమీటర్ల పైమాటే. మైళ్ళలో చెబితే నాలుగు వందల ముప్ఫై దాటుతుంది. అంత దూరం ఆ తల్లులు అంతకు ముందు ఎన్నడూ వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ పెళ్ళిళ్ళకో చావులకో తప్ప వెనక్కి రాలేదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, జనం నోట బీఎన్ఆర్, 1887లో లండన్ పెట్టుబడితో పుట్టిన కంపెనీ. మేదినీపూర్ జిల్లా ఎర్రకంకర నేల మీద అది జంక్షన్ కోసం చోటు చూసుకునేనాటికి ఖరగ్‌పూర్ ఒక పల్లెటూరు. 1901 జనాభా లెక్కల్లో నాలుగు వేలమంది కూడా లేరు. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరుచుకోవడంతో కలకత్తా వైపు దారి కలిసింది. దక్షిణాన వాల్తేరు, కటక్‌ల మధ్య అప్పటికే రైలు నడుస్తోంది. 1902కల్లా ఆ దారి కూడా బీఎన్ఆర్ చేతికొచ్చింది. అలా కళింగాంధ్ర పల్లెనూ ఖరగ్‌పూర్‌లోని రైల్వే వర్క్‌షాపునూ ఒకే కంపెనీ పట్టాలు కలిపాయి.

వలస కళింగాంధ్ర జిల్లాలకు కొత్తేమీ కాదు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి 'రంగం' పోవడం, అంటే రంగూన్ ఓడ ఎక్కడం, అప్పటికే అలవాటైన సంగతి. కానీ ఆ ఓడ ఎక్కేది ఎక్కువగా మగవాళ్ళే. ఆడవాళ్ళు ఊళ్ళో ఉండి మనియార్డరు కోసం ఎదురుచూసేవాళ్ళు. ఖరగ్‌పూర్‌కి సముద్రం దాటక్కర్లేదు, రైలుంది. కొలువు కుదిరిన మనిషి ఏడాదికో రెండేళ్ళకో పెళ్ళాం బిడ్డల్ని తీసుకుపోయేవాడు. ఒక ఇంటివాళ్ళు వెళ్తే వెనకే తమ్ముడు, బావమరిది, మేనత్త కొడుకు. ఊరు ఊరే కదిలినట్టు పేటలు పేటలుగా సాగిన వలస అది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పాశ్చాత్య దేశాల స్త్రీల చరిత్రను మనకు బడిలో నేర్పింది ఒకే వరుసలో. అనగనగా ఇంట్లో ఉన్న ఆడది, తర్వాత ఫ్యాక్టరీ, తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం, 1918లో ముప్ఫై దాటినవాళ్ళకూ 1928లో ఇరవయ్యొకటి దాటినవాళ్ళందరికీ ఓటు, తర్వాత ఆఫీసు. గడప లోపలి నుంచి బయటికి నడిచిన కథ. ఇంగ్లండు మట్టుకు అందులో నిజం లేకపోలేదు. స్విండన్ ఊరు గ్రేట్ వెస్టర్న్ రైల్వేకి ఖరగ్‌పూర్ లాంటిది. 1870లలో అక్కడి వర్క్‌షాపు పెట్టెల సీట్లకు గుడ్డలు కుట్టడానికి ఆడపిల్లల్ని చేర్చుకుంది. కూతుళ్ళకు పని చూపించకపోతే చేయి తిరిగిన తండ్రులు ఊరొదిలిపోతారని కంపెనీ భయం. ఆ పిల్లలు మగవాళ్ళ మధ్య నుంచి నడవకుండా వేరే గుమ్మం పెట్టారు. పెళ్ళైతే పని మానాలి, అది రివాజు. బ్రిటిష్ రైల్వేల్లో 1914లో పదమూడు వేలమంది ఆడవాళ్ళుంటే, మగవాళ్ళు యుద్ధానికి పోయాక 1918కల్లా ఆ సంఖ్య డెబ్బై వేల దరిదాపుకు చేరింది. సామాన్లు మోశారు, టిక్కెట్లు చూశారు, ఇంజన్లు తుడిచారు. నడపనివ్వలేదు. యుద్ధం ముగిసి మగవాళ్ళు తిరిగిరాగానే చాలామందిని ఇంటికి పంపేశారు.

ఈ కొలతతో ఖరగ్‌పూర్ తెలుగు ఆడవాళ్ళకు రవిక కుడితే పట్టదు. వాళ్ళ కథ గడప లోపల మొదలవలేదు. కూలితో మొదలైంది. గడప లోపలికి వెళ్ళడమన్నది వాళ్ళకు ఆ తర్వాత వచ్చిన ప్రమోషన్.

రైలు కట్టలు పోసిన రోజుల్లో మట్టి పని జంటల పని. మగాడు తవ్వితే ఆడది మోసేది. తవ్విన గుంట మధ్యలో చిన్న మట్టి దిమ్మె ఒకటి తవ్వకుండా వదిలేసేవారు. అసలు నేల ఎత్తెంతో, ఎంత లోతు తీశారో సాయంత్రం మేస్త్రీ కొలిచేందుకు అదే గుర్తు. కూలి ఆ కొలతకు కట్టేవాడు. ఎన్ని తట్టలు ఎవరి నెత్తిన కట్ట మీదికెక్కాయో ఆ దిమ్మెకు తెలియదు. డబ్బు మాత్రం మగవాడి చేతిలో పడేది. భారత రైల్వేల నిర్మాణం మీద పరిశోధించిన ఇయాన్ కెర్ చూపించినట్టు, దేశమంతటా ఆ పనిలో ఆడవాళ్ళూ పిల్లలూ పెద్ద భాగమే. ఒడ్డె, ఉప్పర కుటుంబాలు ఈ పనిలో పేరుబడ్డవాళ్ళు.

కట్ట అయిపోయాక బొగ్గు మొదలైంది. ఆవిరి ఇంజనుకు ఆకలెక్కువ. లోకో షెడ్లలో, యార్డుల్లో వ్యాగన్ల నుంచి బొగ్గు దించడం, ఇంజను టెండరులోకి ఎత్తడం, కాలిన బూడిద గుంటల్లోంచి తీసి పారబోయడం కాంట్రాక్టరు కింద దినకూలీల పని. అందులో ఆడవాళ్ళుండేవారు. తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట, తట్టలో బొగ్గు. ఏటవాలుగా వేసిన చెక్క మీద నుంచి పైకి నడవాలి, బోర్లించాలి, దిగాలి, మళ్ళీ ఎత్తాలి. రైల్వే రిజిస్టర్లో వాళ్ళ పేర్లుండేవి కావు. కాంట్రాక్టరు పేరుండేది. బెంగాల్, బీహార్ పనిచోట్ల ఆడకూలీని 'రేజా' అనేవారు. పేరడిగే పని లేకుండా సరిపోయే మాట.

పని దిగాక ఇంకో పని. బూడిద గుంటల దగ్గర సగం కాలిన బొగ్గు ఏరి తెచ్చుకుంటే ఆ రాత్రి పొయ్యి వెలుగుతుంది. రజనైతే మట్టితో, పేడతో కలిపి ఉండలు చేసి గోడ పక్కన ఎండబెట్టేవాళ్ళు. బెంగాలీలు 'గుల్' అనే ఆ ఉండలు కుంపట్లో నిదానంగా కాలతాయి. బెంగాలీ పొరుగింటి నుంచి తెలుగింటికి వచ్చిన విద్యల్లో అది ఒకటి. అంటే కంపెనీ పారేసిన దానితో కంపెనీ మనిషికి అన్నం వండటం. ఆ వంటకు ఖాతా లేదు, లెక్క లేదు.

బీఎన్ఆర్ దారిలో అదే కాలంలో మరో తెలుగావిడ మరో పని చేస్తుండేది. భండారు అచ్చమాంబ. 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. భర్త మాధవరావు మధ్యపరగణాల్లో ఇంజనీరు. ఆవిడ జీవితంలో ఎక్కువ భాగం నాగ్‌పూర్, బిలాస్‌పూర్ వైపే గడిచింది, ఖరగ్‌పూర్‌కి పడమటగా పోయే ఆ రైలు దారి ఊళ్ళలోనే. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో 1901లో స్త్రీల జీవితచరిత్రలు అచ్చేయించింది. ఆ గ్రంథాన్ని మూడు భాగాలుగా అనుకుంది: చరిత్రలోని భారత స్త్రీలు, పురాణ స్త్రీలు, ఆ తర్వాత ఇంగ్లండు లాంటి విదేశాల స్త్రీలు. 1902, 03ల్లో తెలుగునేల తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905 జనవరిలో, ముప్ఫై ఏళ్ళకే, బిలాస్‌పూర్‌లో ప్లేగు ఆవిడను పట్టుకుపోయింది. మూడో భాగం రాయనే లేదు. పాశ్చాత్య స్త్రీల చరిత్రను ఒక తెలుగు స్త్రీ తన కళ్ళతో చూసి రాసి ఉంటే అది ఎలా ఉండేదన్న ఆశ అలాగే మిగిలిపోయింది. బొగ్గు తట్ట మోసే తెలుగు ఆడది ఆవిడ పుస్తకాల్లో కనపడదన్న సంగతీ నిజమే. అప్పటి రచయిత్రుల చూపు అంత దూరం పోలేదు, రచయితల చూపు అసలే పోలేదు.

ఖరగ్‌పూర్ కాలనీలో మరో రకం ఆడవాళ్ళుండేవారు. చెట్ల నీడన వరుసగా బంగళాలు, యూరోపియన్ అధికార్ల మేమ్‌సాహెబులు, వాళ్ళ కన్నా ఒక మెట్టు కింద ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. డ్రైవరు, గార్డు, ఫోర్‌మన్ ఉద్యోగాలు చాలాకాలం వాళ్ళకే. ఆ ఇళ్ళ ఆడపిల్లలు చదివి టీచర్లు, నర్సులు, టైపిస్టులు అయ్యేవారు. రైల్వే ఊళ్ళలో నెలజీతం చేతికందుకున్న తొలి ఆడవాళ్ళు వాళ్ళే. ఖరగ్‌పూర్‌లో ఏళ్ళు గడిపి రైల్వే కుటుంబాల మీద పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త లారా బేర్, రక్తం, కులం, మర్యాద అన్నిటినీ రైల్వే ఫైళ్ళు ఎలా తూకం వేశాయో చూపించింది. ఆ తూకంలో ఆంగ్లో ఇండియన్ అమ్మాయి నర్సు. తెలుగు అమ్మాయి ఆయా. ఇద్దరూ ఒకే బంగళాలో ఒకే పసివాణ్ణి చూసుకున్నా సరే.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తెలుగు పేటల్లో ఒక మార్పు వచ్చింది. ఖలాసీగా చేరినవాడు ఫిట్టరయ్యాడు, ఫిట్టరు మిస్త్రీ అయ్యాడు. చేతికి క్వార్టరొచ్చింది. ఒక గది, ఒక వరండా, ముందు కాస్త మట్టి నేల, పొద్దున్నే పేడనీళ్ళు చల్లి ముగ్గు వేసుకునేందుకు. పెళ్ళాన్ని బొగ్గు కూలికి పంపక్కర్లేదని చెప్పుకోవడం మగవాడికి పరువు. ఆడవాళ్ళకైతే నెత్తి మీద బరువు దిగింది. ఆ సుఖాన్ని ఈ రోజు కూర్చుని తీసిపారేయడం తేలిక. మెడ నరాలు పట్టేసిన మనిషిని అడిగితే 'ఇల్లాలు' అనే మాట బరువేమిటో చెబుతుంది. అచ్చులో కూడా అదే గాలి. 1902లో మొదలైన 'హిందూ సుందరి' నుంచి 1928 నాటి 'గృహలక్ష్మి' దాకా స్త్రీల పత్రికల పేర్లు చూస్తేనే తెలుస్తుంది ఆదర్శం ఎక్కడుందో.

కానీ దీనికి ఇంకో వైపుంది. బెంగాల్ జనపనార మిల్లుల ఆడకూలీల మీద 1999లో పుస్తకం తెచ్చిన సమితా సేన్ ఆ సంగతి బయటపెట్టింది. మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్ళను అక్కడ 'మద్రాసీలు' అనేవారు. వాళ్ళు కుటుంబాలతో వచ్చినవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు మిల్లులోకి దిగి పనిచేశారు. తీరా 'ఆడది ఇంట్లో ఉండాలి, మగాడి జీతం ఇంటికి చాలాలి' అన్న మాట బలపడిన కొద్దీ మిల్లుల్లోంచి మొదట బయటికి పోయింది ఆడవాళ్ళే. మగవాడి జీతం మాత్రం ఇంటిల్లిపాదికీ చాలేంతగా పెరగలేదు. రైల్వే ఊళ్ళోనూ అదే తంతు. ఇల్లాలు అయ్యాక ఆమె పని మానలేదు. పనికి కూలి రావడం మానేసింది.

ఆ ఇంటిపని బరువేమిటో 1927లో బయటపడింది. ఆ ఏడు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు రెండుసార్లు అట్టుడికింది. ఫిబ్రవరిలో సమ్మె, సెప్టెంబరులో వందలమందిని తీసేస్తామనడంతో మళ్ళీ గొడవ, లాకౌటు. బీఎన్ఆర్ కార్మికుల తరఫున నిలబడ్డవాళ్ళలో బరంపురం తెలుగువాడు వి.వి.గిరి ఒకరు, తర్వాత రోజుల్లో రాష్ట్రపతి. చరిత్ర పుస్తకాల్లో ఇదంతా యూనియన్లు, ఏజెంట్లు, తీర్మానాల కథ. జీతం లేని నెలల్లో ఏ ఇత్తడి బిందె ఎప్పుడు తాకట్టు పెట్టాలో, వడ్డీకిచ్చే కాబూలీ వచ్చి తలుపు తడితే ఏం చెప్పి పంపాలో, నూకలతో ఎన్ని పూటలు లాగాలో నిర్ణయించింది క్వార్టర్లలోని ఆడవాళ్ళు. సమ్మె ఎన్ని రోజులు నిలుస్తుందన్నది యూనియన్ ఆఫీసులో ఎంత తేలేదో వంటింట్లోనూ అంతే తేలేది. గిరి ఇంట్లో ఆడవాళ్ళు వంటింటి దగ్గరే ఆగలేదు. ఆయన తల్లి సుభద్రమ్మ శాసనోల్లంఘన రోజుల్లో బరంపురంలో మద్యనిషేధ ఆందోళన నడిపి అరెస్టయింది.

తర్వాత కొన్నేళ్ళకు యుద్ధం మళ్ళీ వచ్చింది. ఈసారి అది ఖరగ్‌పూర్ గుమ్మంలోకే వచ్చింది. 1944లో అమెరికా ఇరవయ్యో బాంబర్ కమాండ్ తన ప్రధాన కార్యాలయాన్ని ఊరి పక్కన హిజ్లీలో, పాత నిర్బంధ శిబిరం భవనంలో పెట్టింది. బీ-29 విమానాల కోసం కలైకుండా, చాకులియా, దుధ్‌కుండీల్లో రన్‌వేలు కావలసొచ్చాయి. యంత్రాలు కొన్నే. మిగతాది మనుషుల పని. రాళ్ళు కొట్టడం, కంకర తట్టల్లో మోసి పరచడం. ఆ మోసినవాళ్ళలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అంతకు రెండేళ్ళ కింద 1942 అక్టోబరు తుపాను మేదినీపూర్ తీరాన్ని తుడిచిపెట్టింది, 1943లో కరువు. ఆకలి ఎవరినైనా కంకర తట్ట దగ్గరికి తెస్తుంది.

ఆ రన్‌వేల మీద దిగిన విమానాల్లో చాలా వాటిని తయారుచేసింది కాన్సాస్ రాష్ట్రం విచిటాలోని బోయింగ్ ఫ్యాక్టరీ. అక్కడ రివెట్లు కొట్టినవాళ్ళలో వేలాదిమంది ఆడవాళ్ళు. అమెరికా వాళ్ళ బొమ్మ గీసి గోడలకు అంటించింది, పాట కట్టింది, 'రోజీ' అని పేరు పెట్టింది. 1944 జూన్ 5న ఈ స్థావరాల నుంచి లేచిన విమానాలు బ్యాంకాక్ రైల్వే యార్డుల మీద తమ మొదటి దాడి చేశాయి. అంటే విచిటా ఆడవాళ్ళు బిగించిన చక్రం మేదినీపూర్ జిల్లా ఆడవాళ్ళు పరిచిన కంకర మీద దొర్లి, ఇంకో ఊరి రైల్వే వర్క్‌షాపు మీద బాంబు వేయడానికి వెళ్ళింది. 1945 తర్వాత రోజీని ఇంటికి పంపేశారని అమెరికా చరిత్రకారులు సంపుటాలు రాశారు. కంకర తట్ట దింపిన మనిషి ఎటు పోయిందో రాసే అవసరం ఎవరికీ కలగలేదు.

హిజ్లీ భవనానికి అంతకు ముందు చరిత్ర ఉంది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిర్బంధితుల మీద పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. ఆడ రాజకీయ ఖైదీలను కూడా హిజ్లీలో ఉంచారు. అదే ఏడు డిసెంబరులో కొమిల్లా మేజిస్ట్రేటు స్టీవెన్స్‌ను కాల్చిన ఇద్దరు బడిపిల్లల్లో ఒకరైన సునీతి చౌధురి వాళ్ళలో ఉంది. కాల్చిన నాటికి పద్నాలుగేళ్ళు. విడుదలయ్యాక చదువుకుని డాక్టరైంది. 1951లో అదే భవనంలో దేశపు తొలి ఐఐటీ తెరుచుకుంది.

స్వాతంత్ర్యం నాటికే రైల్వే కంపెనీది కాకుండా సర్కారుది అయింది. బీఎన్ఆర్ 1944లోనే ప్రభుత్వం చేతికి వచ్చి, 1955లో ఆగ్నేయ రైల్వే అయింది. హౌరా దారికి కరెంటు వచ్చింది, డీజిల్ ఇంజన్లొచ్చాయి. బొగ్గు పోయింది. పొగ తగ్గిందని అందరూ సంతోషించారు. బొగ్గుతో పాటు బొగ్గు కూలి కూడా పోయింది. ఆడవాళ్ళు దిగిన ఆ పనికి బదులుగా వచ్చిన యంత్రం పనిలో ఆడవాళ్ళకు చోటు లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా ఆడవాళ్ళను ఫ్యాక్టరీలో ఉంచరాదంది. కాపాడాలన్న ఉద్దేశమే, సందేహం లేదు. మూడు షిఫ్టులు తిరిగే వర్క్‌షాపులో ఆడవాళ్ళను తీసుకోకపోవడానికి అది మంచి సాకు కూడా అయింది.

అప్పటి నుంచి చాలాకాలం ఖరగ్‌పూర్ తెలుగు ఆడదాని సంపాదన వీధి మీద. తెల్లారేసరికి ఇడ్లీ పాత్ర దింపి గేట్ బజార్ దారిలో కూర్చోవడం, ఆవకాయ, అప్పడాలు, పూల దండలు. మరమరాలు తినే బెంగాలీ ఊరికి ఇడ్లీ, దోసె అలవాటు చేసిన చేతుల్లో ఆడవాళ్ళవే ఎక్కువ. ఇంట్లో తెలుగు, బిహారీ పొరుగుతో హిందీ, చేపల దుకాణంలో బెంగాలీ. మగవాళ్ళకు వర్క్‌షాపు హిందీతో రోజు గడిచిపోతుంది. మూడు భాషల్లో బేరమాడవలసింది ఆవిడే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల జాబితాలో చోటిచ్చినప్పుడు అందరూ చెప్పిన పేరు ఖరగ్‌పూరే. నాలుగు తరాలు ఇక్కడ తెలుగు నిలిచిందంటే బడి ఒక్కటే కారణం కాదు, వంటిల్లు కూడా.

ఎండలు ముదిరేసరికి తెలుగు పేటల్లో మాత పూజ వస్తుంది. కళింగాంధ్ర అమ్మవారి పండగే, పేరు మాత్రం ఊరి గాలికి మారింది. పసుపు చీర, వేపరెమ్మలు, నెత్తిన ఘటం. బొగ్గు తట్టకు కుదిరిన నడకే ఘటానికీ కావాలి, మెడ కదలకూడదు. ఇళ్ళ ముందు ఆగినప్పుడు ఆ ఇల్లాలు బిందెడు నీళ్ళు తెచ్చి ఘటం మోసే మనిషి కాళ్ళ మీద పోస్తుంది. కాలే తారురోడ్డు మీద అది భక్తి కన్నా ముందు ఉపకారం. చందా రసీదు పుస్తకం, మైకు మాత్రం మగవాళ్ళ చేతిలోనే ఉంటాయి.

1974 మే 8న రైల్వే సమ్మెతో దేశమంతా రైళ్ళు ఆగాయి. మే 27 దాకా ఇరవై రోజులు. కాలనీల్లోకి పోలీసులొచ్చారు, మగవాళ్ళు అజ్ఞాతంలోకి పోయారు, క్వార్టర్లు ఖాళీ చేయిస్తామని బెదిరింపులు. దేశమంతటా రైల్వే కాలనీల్లో పోలీసుల ముందు గుమ్మాల్లో నిలబడింది తల్లులు, భార్యలు. జీతం ఎవరిదైనా క్వార్టరు కాపాడింది వాళ్ళు. ఆ నిలబడ్డవాళ్ళలో కొందరు తర్వాత పదేళ్ళలో తామే ఉద్యోగులయ్యారు. కారణం సంతోషకరమైనది కాదు.

రైల్వేవాళ్ళు దాన్ని 'డెత్ కేసు' అంటారు. పనిలో ఉండగా మనిషి పోతే కారుణ్య నియామకం కింద ఇంట్లో ఒకరికి ఉద్యోగం. కొడుకు చిన్నవాడైతే భార్యకు. 1964 కుటుంబ పింఛను పథకం వితంతువుకు చచ్చేదాకా, లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా పింఛనిచ్చింది. పిల్లల్లేని వితంతువు మళ్ళీ పెళ్ళాడినా పింఛను ఆపక్కర్లేదని సర్కారు ఒప్పుకోవడానికి ఇరవయ్యొకటో శతాబ్దం రావలసొచ్చింది. పింఛను కన్నా కొలువు పెద్ద మార్పు తెచ్చింది. నిన్నటిదాకా భర్త డబ్బా సర్ది గేటు దాకా పంపిన మనిషి, పదకొండో రోజు, పన్నెండో రోజు అయ్యాక, కొన్ని నెలలకు అదే గేటులోంచి తానే లోపలికి పోయింది. ప్యూనుగానో, స్వీపరుగానో, ఖలాసీగానో. భర్త ఇరవై ఏళ్ళు పనిచేసిన షాపు ఎలా ఉంటుందో ఆవిడ మొదటిసారి చూసింది అప్పుడే. జీతం రోజున వేలిముద్ర వేసో, వంకరటింకర సంతకం చేసో డబ్బు తన పేర అందుకుంది. స్విండన్‌లో ఆడపిల్ల పెళ్ళయ్యేదాకా ఉద్యోగి. ఖరగ్‌పూర్‌లో ఆడది ఉద్యోగి అయ్యేది వితంతువయ్యాక. రెండుచోట్లా మగవాడు పక్కనుంటే ఆమెకు కొలువు లేదు.

పెళ్ళి అడ్డం ఇంగ్లండుతో పోలేదు. బ్రిటిష్ సివిల్ సర్వీసు ఆ నియమాన్ని 1946లో ఎత్తేసింది. మన ఐఏఎస్ 1954 నియమాల్లో మాత్రం, పెళ్ళి పనికి అడ్డొస్తుందనుకుంటే ఆడ అధికారిని రాజీనామా చేయమనవచ్చని రాసుకున్నారు. కారుణ్య నియామకాల్లో అది ఇంకో వేషంలో మిగిలింది. పెళ్ళైన కొడుకు అర్హుడయ్యాడు, పెళ్ళైన కూతురు కాలేదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో ఆ తేడా చెల్లదని కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచి చెప్పింది 2017లో.

ఈలోగా పట్టాలకు ఇటువైపు ఇంకో రకం తెలుగు అమ్మాయి దిగుతోంది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లోనో ఈస్ట్ కోస్ట్‌లోనో వచ్చి, పెద్ద సూట్‌కేసుతో ఐఐటీకి ఆటో మాట్లాడుకునే అమ్మాయి. ఐఐటీల్లో ఆడపిల్లలకు అదనపు సీట్లు 2018లో మొదలయ్యాయి. ఐఐటీలో ఆడపిల్లల హాస్టళ్ళలో ఒకదానికి హైదరాబాదు సరోజినీ నాయుడు పేరే ఉంది. ఆటోవాడు ఆ అమ్మాయి ఫోన్లో మాట్లాడే తెలుగు విని, "ఏ ఊరమ్మా మీది?" అంటాడు. అతని తాత ఊరు ఆమదాలవలస అవతల. అమ్మాయికి ఆశ్చర్యం. అతనికి ఆ ఆశ్చర్యం అలవాటే.

ఇక ఇంజను సంగతి. 1930లలో సోవియట్ దేశంలో జినాయిదా త్రోయిత్స్కాయా రైలు నడిపి పేరు తెచ్చుకుంది. తీరా 1980ల మొదట్లో మాస్కో మెట్రో కొత్తగా ఆడ డ్రైవర్లను తీసుకోవడం ఆపేసింది, 2021లో గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు. చరిత్ర ముందుకే పోతుందనుకునేవాళ్ళకు పనికొచ్చే ఉదాహరణ. లండన్ భూగర్భ రైలుకు 1978లో హన్నా డాడ్స్ తొలి మహిళా డ్రైవరు. మన దేశంలో సాతారాకు చెందిన సురేఖా యాదవ్ 1988లో తొలి మహిళా డ్రైవరైంది. అంటే ఇంగ్లండుకూ మనకూ తేడా పదేళ్ళే. 1999లో రైల్వే మంత్రి కుర్చీలో కూర్చున్న తొలి మహిళ మమతా బెనర్జీ, 2023లో రైల్వే బోర్డుకు తొలి మహిళా చైర్‌పర్సన్ జయా వర్మ సిన్హా. ఇప్పుడు దేశంలో మహిళా లోకో పైలట్లు, అసిస్టెంట్లు వెయ్యికి పైగానే ఉన్నారు. పరీక్ష రాసి గెలిచినవాళ్ళు, ఎవరి చావూ అడ్డం పెట్టుకోకుండా వచ్చినవాళ్ళు.

వాళ్ళు పత్రికలతో, సంఘాలతో పదేపదే చెప్పుకునే కష్టం ఒకటుంది. రైల్వే ఇంజన్లలో చాలా వాటికి మరుగుదొడ్డి లేదు. గత పదేళ్ళుగా కొన్నింటిలో అమర్చడం మొదలుపెట్టారు, ఎక్కువ వాటిలో ఇంకా లేదు. గూడ్సు బండి సిగ్నల్ దగ్గర రెండు గంటలు ఆగినా క్యాబ్ వదలకూడదు. అందుకని డ్యూటీ ఎక్కే ముందు నీళ్ళు తాగడం మానేస్తారు. వెనక బోగీల్లో మూత్రం కోసం లేచే ఆడవాళ్ళకు ఆ హక్కు 1891లోనే వచ్చింది, బండి యాభై మైళ్ళు దాటితే చాలు. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ 134 కిలోమీటర్లు. మైళ్ళలో ఎనభై మూడు.